అదే గిన్నె

మధ్యాహ్నము పండ్రెండున్నర దాటిన పిమ్మట కోవూరు బజారులో ఒక మెస్సు ముందర కొంతసేపు నిలువబడి చూడుడు. పెన్న వంతెన దాటి నెల్లూరినుండి వచ్చిన గుమాస్తాలు, బియ్యపు మిల్లులలో బస్తాలు మోసిన హమాలీలు, మండల కచేరీలో పనిబడి తెల్లవారగనే పల్లెలనుండి బయలుదేరిన రైతులు, తాపీపనివారు, లారీ డ్రైవర్లు, చదువుకొను పిల్లలు, అందరును అక్కడ కనబడుదురు. లోపల బల్లలు ఎనిమిదో పదియో ఉండును. బయట వేచియున్నవారు అంతకు రెండింత లుందురు. తినుచున్నవాని వెనుకనే మరియొకడు నిలిచి, ఆయన మజ్జిగ దాక వచ్చెనా లేదా అని కనిపెట్టుచుండును. మజ్జిగ పోసికొన్నచో ఆ చోటు ఇక తనదే యని అతనికి ధైర్యము.

అక్కడి వంటలో ఆర్భాటము లేదు. పప్పు, ఒక వేపుడు, పులుసు, చారు, మజ్జిగ, గోంగూరయో ఆవకాయయో ఒక ఊరగాయ. కాని అన్నము మాత్రము బాగుండవలెను. సంగము కడ పెన్నకు కట్టిన ఆనకట్ట నీటితో పండిన పొలములు చుట్టును ఉన్నవి. ఒకప్పుడు మొలగొలుకులకు పేరుపడిన సీమ యిది. నేడు వేరు వంగడములు వచ్చినను, మెతుకు పట్టిచూచి బియ్యపు మంచిచెడ్డలు చెప్పగలవారు ఇక్కడ ఇంటికొకరుందురు. సముద్రము దగ్గర కనుక కొన్నిచోట్ల చేపల పులుసు కూడ ఉండును. చింతపండు రసములో పచ్చిమామిడి ముక్కలు వేసి కాచిన ఆ పులుసు, వండిన నాటికంటె మరునాడు రుచిగా నుండునని ఈ జిల్లా ఇల్లాండ్రకు చెప్పనక్కరలేదు.

ఇంత తక్కువ ధరకు ఇంతమందికి కడుపునింప గలుగుట ఎట్లు? ఇందులో మాయ యేమియు లేదు. వంటకములు కొద్ది, కనుక సరకు పాడుకాదు. జనము ఎక్కువ, కనుక లాభము తక్కువైనను నడచును. బల్ల యొక్కటే, కనుక దానిపై గంటకు నాలుగు బంతులు లేవవలెను. ఒంటరిగా ఒక బల్ల ఆక్రమించుకొని పత్రిక చదువుకొనుటకు అక్కడ వీలులేదు. ఎదుట ఎవరు కూర్చుందురో, ప్రక్క నెవరు కూర్చుందురో మీరు ఏరుకొనలేరు. చవక భోజనమునకు మనము చెల్లించు వెలలో సగము రూకలు, సగము ఈ ఇరుకు.

ఈ ఇరుకును గూర్చియే నేడు రెండు మాటలు చెప్పదలచినాము.

వెలకు అన్నము అమ్ముట మనకు క్రొత్త కాదు. ఓరుగల్లు నగరమును వర్ణించిన క్రీడాభిరామములోనే పూటకూటి ఇంటి ప్రసక్తి కలదు. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు అరుదు. బాటసారికి, కచేరీ పనులకై పట్టణము వచ్చిన పల్లెవానికి, ఇల్లు విడిచి చదువుకొను బాలునకు ఆ ఇండ్లే తల్లిచాటు. కాని ఆ తల్లి అందరికిని తల్లి కాదు. ఏ కులమువాడు ఏ ఇంట తినవచ్చునో, ఏ వసారాలో కూర్చుండవలెనో, ఎవడు గడప దాటరాదో ముందే నిర్ణయమై యుండెడిది. తరువాత కాఫీ హోటళ్ళు వచ్చినవి. కులము పేరు బోర్డుపై వ్రాసికొన్న హోటళ్ళును, ఒకే కప్పు క్రింద వేరువేరు గదులును మన పెద్దలు చూచినవే. రైల్వే స్టేషనులలో త్రాగునీరు కూడ హిందువుల నీరు, మహమ్మదీయుల నీరు అని వేరు పడియుండిన కాలమది.

1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ సంగతిని మరువలేదు. మతము, జాతి, కులము, స్త్రీపురుష భేదము, పుట్టినచోటు అను కారణములచేత అంగళ్ళలోను, భోజనశాలలలోను, హోటళ్ళలోను ఏ పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదని 15వ అధికరణము శాసించుచున్నది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. 1976లో దానిని కఠినపరచి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. ఈ చట్టమున ఒక విశేషము కలదు. హోటలులోనికి రానీయవలెనని మాత్రమే చెప్పి అది ఊరకుండలేదు. సామాన్య జనుల వాడుకకై అక్కడ ఉంచిన పాత్రలను వాడుకొను హక్కు కూడ అందరికిని ఉండవలెనని విడిగా చెప్పినది. గడప దాటనిచ్చియు గిన్నె వేరుచేయు ఉపాయము మనవారికి తెలియునని ఆ చట్టమును వ్రాసినవారు ఎరుగుదురు.

ఇంతవరకును పుస్తకములలో నున్న సంగతి. ఇది మా మనస్సును తాకినది మాత్రము కోవూరిలో కాదు. బంగాళాఖాతమునకు ఆవల, మలేసియాలోని పినాంగు ద్వీపమున.

కొంతకాలము క్రిందట మేము ఆ ద్వీపములోని జార్జిటౌను నగరమునకు పోయియుంటిమి. ఆ పాతపట్టణమును 2008లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అక్కడ ఒక పెద్ద అంగడి కలదు. దాని పేరు విని మేము ఆగిపోయితిమి: చౌరస్తా! హైదరాబాదులోను వరంగల్లులోను దినమునకు పదిసార్లు వినబడు మాట అక్కడి గోడపై ఆంగ్ల లిపిలో వ్రాసియున్నది. మన దేశపు వర్తకులు, సిపాయిలు, కూలీలు ఆ రేవునకు మోసికొనిపోయిన మాటలలో అది యొకటి. మలయాభాషలో కొట్టును 'కెడై' యందురు. అది తమిళుల 'కడై'. రొట్టెను 'రోటి' యందురు. కూరను 'కారి' యందురు. మన కావడిని వారు 'కాందార్' అందురు. అన్నమును కూరలను కావడిలో పెట్టుకొని వీధుల వెంట అమ్మిన తమిళ ముస్లిముల వలన 'నాసి కాందార్' అను భోజనము పుట్టినది. కావడి పోయినను పేరు నిలిచినది.

ఆ అంగడి ప్రాంతమున చవకగా తినుబండారము లమ్ము శాలలు అనేకము. మేము ప్రవేశించిన శాలకు పెద్ద రేకుల కప్పు. క్రింద గుండ్రని బల్లలు. చుట్టును గోడవెంబడి చిన్న చిన్న కొట్లు. ఒక్కొక్క కొట్టువాడు ఒక్కొక్క వంటకమే చేయును. ఒక చీనా ముదుసలి ఇనుప మూకుడును భగభగ మండు మంటపై పెట్టి, బియ్యపుపిండితో చేసిన వెడల్పాటి సేమియాను రొయ్యలతో, గ్రుడ్డుతో, మొలకెత్తిన పెసలతో కలిపి వేయించుచుండెను. ఒక పర్యాయము ఒక పళ్ళెమునకు సరిపడునంత మాత్రమే వేయించును. ఇరువది మంది వేచియున్నను అతడు రెండు పళ్ళెములు కలిపి చేయడు. ఒక మలయా ఇల్లాలు కొబ్బరిపాలతో వండిన అన్నమును అరటియాకులో పొట్లము కట్టుచుండెను. లోపల వేయించిన చిన్నచేపలు, వేరుసెనగలు, దోసముక్కలు, ఎఱ్ఱని కారము. ఇంకొకచోట ఒకడు టీని ఒక లోటానుండి మరొక లోటాలోనికి మూరెడెత్తున సాగదీసి పోయుచుండెను. అది మన కాఫీ హోటళ్ళ విద్యయే.

చేపయు చింతపండును కలిపి కాచిన పులుసులో బియ్యపు సేమియా వేసి యిచ్చు 'ఆసాం లక్సా' అను వంటకము పినాంగునకు ప్రసిద్ధము. ఆసాం అనగా పులుపు. నెల్లూరివారికి ఆ వాసన పరాయిది కాదు. అందులో పుదీనాకును అనాసముక్కలను చూచినప్పుడు మాత్రము మేము పరదేశములో నున్నామని జ్ఞాపకము వచ్చినది.

అక్కడను కోవూరి సూత్రమే. ఒక్కొక్కరు ఒక్కొక్క వంటకము. నిలువ సరకు లేదు. వడ్డనకు నౌకర్లు తక్కువ. బల్ల మీది చోటు ఎవరిదియు కాదు. శాల యజమాని కాఫీ, టీ, పానీయములు అమ్మును. వంట కొట్లవారు అతనికి బాడుగ యిత్తురు. ఒక బల్ల వద్ద కూర్చుండి మూడు కొట్ల తిండి తెప్పించుకొనవచ్చును. మా బల్ల వద్ద ఒక చీనా విద్యార్థిని, ఒక మలయా పోస్టు జవాను, మేము, ఎదుట ఒక ముదుసలి. అందరి గిన్నెలు వేరువేరు తిండ్లతో నిండియున్నవి. 2024 డిసెంబరులో యునెస్కోవారు మలేసియా దేశపు ఉదయ ఫలాహార సంప్రదాయమును మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చిరి. పలు జాతులవారు ఒకచోట కూడి తినుటయే అందులోని విశేషమని వారు చెప్పినదానికి అర్థమేమో ఆ బల్ల వద్ద మాకు తెలిసినది.

మేము తెప్పించుకొన్నది చీనావాని గంజి. బియ్యమును మెతుకు తెలియకుండ ఉడికించి, చేపముక్కలు, సన్నగా తరిగిన అల్లము, ఉల్లికాడలు పైన వేసి పింగాణీ గిన్నెలో ఇత్తురు. ఆంగ్లములో దీనిని 'కాంజీ' యందురు. ఆ మాట మన దక్షిణదేశపు గంజియే. చీనావాని వంటకు మన పేరు తగిలించి తెల్లవాడు లోకమంతట చాటినాడు.

'గంజి' యని మేము స్వగతముగా అనుకొన్న మాట ఎదుటి ముదుసలికి వినబడినది. ఆయన చెంచా క్రింద పెట్టి, నెమ్మదిగా తెలుగులో అడిగెను.

"మీది తెలుగుదేశమా, బాబూ?"

అవునంటిమి. నెల్లూరు జిల్లా, కోవూరు అంటిమి. ఆ పేర్లు ఆయన ఎరుగడు. పెన్న యేటి ఒడ్డున ఉన్నదని చెప్పితిమి. ఆయన ముఖము మారినది.

"పెన్న అన్న మాట మా తాత నోట విన్నాను. ఊరి పేరు చెప్పేవాడేమో, మాకు దక్కలేదు. ఏరు మాత్రం దక్కింది."

ఆయన తాత మదరాసులో రజులా అను ఓడ యెక్కెనట. 1926లో నిర్మింపబడి 1973 వరకును మదరాసునకు మలయాకు నడుమ తిరిగిన ఓడ అది. క్రింది అంతస్తులో చాప పరచుకొని పండుకొనెనట. పినాంగు చేరగనే ఊరిలోనికి రానీయక, జెరెజాకు అను చిన్న దీవిలో రోగపరీక్షకై కొన్నాళ్ళు ఉంచిరట. పిదప రబ్బరు తోటకు పోయెను. కంగాణీలను మేస్త్రీల ద్వారా తెలుగువారును తమిళులును వేలకొలది ఆ తోటలకు పోయిన దినములవి. పేరాక్ రాష్ట్రమున బాగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలలో తెలుగువారి గ్రామములు నేటికిని కలవు. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిషేధించినది. అప్పటికి పోయినవారిలో కొందరు తిరిగివచ్చిరి, కొందరు రాలేదు.

"మా తాత తిరిగి రానిది ఎందుకో తెలుసా?" అని ఆయన అడిగెను. "డబ్బు లేక కాదు. ఈ గంజి వల్ల."

తాత తన ఊరిలో కాఫీ అంగడి ముందువైపునకు పోరాదట. వెనుకకు పోయి కొబ్బరి చిప్ప చాపవలెను, పైనుండి పోయుదురు. ఆ చిప్పను తానే కడిగి చూరులో దోపుకొనవలెను. జీతము ముట్టిన నాడు తోటనుండి పట్టణమునకు వచ్చి, ఈ అంగడి వీధిలో ఒక చీనావాని బండి వద్ద నిలిచినాడు. ఆకలి గొన్నవాడు. బండివాడు బెంచీ చూపినాడు. తాత కూర్చుండలేదు, దోసిలి పట్టినాడు. బండివానికి అది అర్థము కాలేదు. అప్పుడే ఒక మనుష్యుడు తిని లేచిపోయెను. బండివాడు ఆ గిన్నెను తొట్టిలోని నీళ్ళతో కడిగి, గంజి పోసి, ఉప్పుచేప ముక్క వేసి, తాత చేతిలో పెట్టినాడు. తాత తిని యిచ్చిన తరువాత, అదే గిన్నెను అదే నీళ్ళతో కడిగి మరియొకనికి పోసినాడు.

"అదే గిన్నె, బాబూ. మా తాత చచ్చేదాకా ఆ మాట చెప్పేవాడు. ముందు ఎవరు తిన్నారో తాతకు తెలీదు. వెనక ఎవరు తిన్నారో తెలీదు. అదే గిన్నె."

మే మేమియు అనలేకపోతిమి. ఆయన చెంచా తీసికొని మరల రెండు గుక్కలు త్రాగెను. పిమ్మట, కుశలప్రశ్న వేసినంత మామూలుగా, ఇట్లడిగెను.

"మీ వైపు టీకొట్లలో ఇప్పుడు గ్లాసులు ఎన్ని రకాలు?"

శ్రోతలారా, ఆ ప్రశ్నకు 'ఒకటే రకము' అను జవాబు మా నోటివరకు వచ్చి ఆగిపోయినది. మా చిన్ననాటి సంగతి యొకటి అడ్డము వచ్చినది. సెలవులకు మేము పోవుచుండిన ఒక పల్లెలో, ఊరిచివర ఒక టీకొట్టు ఉండెడిది. బల్లపై గాజు గ్లాసులు బోర్లించి యుండెడివి. పందిరి గుంజకు కొట్టిన మేకులకు నాలుగు సత్తు గ్లాసులు విడిగా వ్రేలాడుచుండెడివి. కొందరు వచ్చి వానిని తామే తీసికొని, టీ పోయించుకొని, దూరముగా గొంతుకూర్చుండి త్రాగి, తామే కడిగి తగిలించి పోయెడివారు. అప్పటికి రాజ్యాంగము వచ్చి నలువది యేండ్లు కావచ్చినది. పదేండ్ల మాకు కండ్లుండెను, నోరుండెను. ఆ గ్లాసులు ఎవరివని మే మెన్నడును అడుగలేదు. అడుగకయే మాకు తెలిసియుండుట మరింత సిగ్గుచేటు. ఆ పల్లె పేరు ఇక్కడ చెప్పము. ఆ పేరు ఒక్క పల్లెది మాత్రమే కాదు కనుక.

ముదుసలికి ఆ సంగతి చెప్పితిమి. ఆయన ఆశ్చర్యపడలేదు. తగ్గినవని కూడ చెప్పితిమి. "తగ్గడం మంచిదే" అనెను.

పరదేశమును పొగడి స్వదేశమును తెగడుట మా ఉద్దేశము కాదు. ఆ తోటలలో కూడ కులము ఓడ దిగకుండ ఉండలేదు. కూలీల వరుసలలో ఎవరి ఇల్లు ఎక్కడనో, ఎవరి పెండ్లికి ఎవరు పోవుదురో అను పట్టింపులు అక్కడను సాగినవి. చీనావాడు సంఘసంస్కర్తయు కాడు. అతనికి ఉన్నవి కొద్ది గిన్నెలు; వచ్చువారు ఎక్కువమంది. వచ్చిన వాని పుట్టుపూర్వోత్తరములు విచారించుచు కూర్చున్నచో గంజి చల్లారిపోవును. కాని మహాత్ములు ఉపన్యాసములతో సాధింపజూచినదానిని, ఆ బండివాడు తొందరచేతను పేదరికముచేతను సాధించినాడు. పెన్న ఒడ్డుననే, పల్లిపాడులో, 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమము ఉన్నది. ఆ యేటి ఒడ్డుననే పుట్టిన ఒక మనుష్యునికి కడిగిన గిన్నె చేతికందుటకు మాత్రము సముద్రము దాటవలసి వచ్చినది.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. పినాంగులో కూడ అందరు అన్ని గిన్నెలలోను తినరు గదా? నిజమే. పందిమాంసము వండు కొట్టు వద్ద ముస్లిము తినడు. పలుచోట్ల వారికి శాలలే వేరు. సింగపూరు శాలలలో పళ్ళెముల రంగులు కూడ వేరుగా నుంచి, ఎక్కడివి అక్కడనే మరల పెట్టింతురు. మన హిందువులలో గోమాంసము ముట్టనివారు, అసలు మాంసమే ముట్టనివారు ఉన్నారు. శాకాహారి తనకు వేరు గరిటె కావలెననుట తప్పా? తప్పు కాదు. గిన్నెలో ఏమి వండిరని అడుగుట ఒకటి. గిన్నెతో ఎవరు తినిరని అడుగుట వేరొకటి. మొదటి ప్రశ్న నా నియమమునకు సంబంధించినది. దానివలన ఎదుటివానికి అవమానము లేదు. రెండవ ప్రశ్న ఎదుటివాని పుట్టుకకు సంబంధించినది. ఎంత మర్యాదగా అడిగినను అందులో విషము ఉండనే యుండును. ఈ రెండింటిని మనము చాలకాలము ఆచారమను ఒకే మూటలో కట్టి దాచితిమి. మూట విప్పి, ఉంచుకొనదగినది ఉంచుకొని, పారవేయదగినది పారవేయుట మన పని.

తిరిగివచ్చిన పిమ్మట కోవూరు బజారును మేము క్రొత్త కండ్లతో చూచితిమి. సాయంకాలమున రోడ్డు ప్రక్క బండ్లపై ఇప్పుడు చీనా వంటలు కూడ వచ్చినవి. మంటపై మూకుడు ఎగురవేసి నూడిల్సును అన్నమును వేయించు కుఱ్ఱవాండ్రు పినాంగు ముదుసలిని ఎన్నడును చూచియుండరు. అయినను ఆ చేతివాటము అదే. 'మంచూరియా' అని పేరు పెట్టి అమ్ము వంటకము మాత్రము చీనాలో పుట్టినది కాదు; 1975 ప్రాంతమున బొంబాయిలో ఒక చీనా భారతీయుడు కల్పించినది. బండి చుట్టును నిలువబడి తినువారిలో ఎవరు ఎవరో ఎవరును అడుగరు. మధ్యాహ్నపు మెస్సులో బల్ల వద్దను అంతే. ఇది మన కండ్ల ముందర జరిగిన మంచిమార్పు. దీనిని తక్కువగా చెప్పరాదు.

కాని టీకొట్టు వద్ద ఒక సంగతి మమ్ము ఆలోచింపజేసినది. ఇప్పుడు చాల కొట్లలో గాజు గ్లాసులు మాయమై, త్రాగి పారవేయు కాగితపు గ్లాసులు వచ్చినవి. 2020లో వచ్చిన మహమ్మారి తరువాత అవి మరింత హెచ్చినవి. ఆరోగ్యమునకు మంచిదని కొందరు, చెత్త పెరుగుచున్నదని కొందరు అందురు. మాకు తోచినది వేరు. కాగితపు గ్లాసు అందరికి ఒకటే. రెండు గ్లాసుల పద్ధతి దాని ముందర నిలువదు. ఇది లాభమే. కాని అందులో ఒక తప్పించుకొను త్రోవయు ఉన్నది. నేను త్రాగిన గ్లాసు నీకు రాదు. నీవు త్రాగినది నాకు రాదు. కనుక పాత ప్రశ్నకు మనము జవాబు చెప్పలేదు. ప్రశ్న వేయు అవసరము మాత్రము తప్పిపోయినది. కడిగిన గ్లాసును ఒకరి వెనుక నొకరము పట్టుకొన్నప్పుడే మన మనస్సు మనకు తెలియును.

అన్నదానము గొప్పది. గోదావరి లంకలలో వేళగాని వేళ వచ్చినవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారిని (1841–1909) మన జాతి మరువదు. ప్రభుత్వములు నడపు చవక భోజనశాలలును మంచివే. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మరల తెరచిన అన్న క్యాంటీనులలో పూట భోజనము 5 రూపాయలకే పెట్టుచున్నారు. ఆ అయిదు రూపాయలు వంట ఖర్చునకు చాలవని అందరికిని తెలియును. అయినను ఆ నాణెము తీసికొనుట మంచిపని. చేయి చాచి పుచ్చుకొన్నవాడు తల వంచవలసి వచ్చును. వెల యిచ్చి కొన్నవాడు తల యెత్తి 'ఇంకొంచెము పప్పు' అని అడుగగలడు. చవక మెస్సువాడు పేదవానికి అన్నముతో పాటు ఈ అధికారమును కూడ అమ్ముచున్నాడు. మేడలలోని హోటళ్ళలో దొరకు సౌఖ్యములు వేరు. ఇది అక్కడ దొరకదు, ఏలయన అక్కడికి పేదవాడే రాడు.

కనుక అట్టి చోటికి పోవు మనకును కొన్ని విధులు కలవు. వేచియున్నవానిని చూచి తొందరగా లేవవలెను. ఆకులో పారవేయుటకై అడుగరాదు. ప్రక్కవాని బట్టలకు సిమెంటు అంటియున్నదని కుర్చీ జరుపుకొనరాదు. గిన్నెలు కడుగు పిల్లవాడో, ముసలమ్మయో ఏ నీళ్ళతో కడుగుచున్నారో చూచి, మంచి నీళ్ళు, వేడి నీళ్ళు పెట్టుమని యజమానికి మర్యాదగా చెప్పవలెను. శుభ్రత పేరు చెప్పి మనుష్యుని దూరము చేయుట పాతకాలపు పద్ధతి; శుభ్రత కోరి గిన్నెను బాగుగా కడిగించుట మన కాలపు పద్ధతి కావలెను.

మొన్న కోవూరిలో ఒక టీకొట్టు వద్ద గాజు గ్లాసులు ఇంకను ఉండుట చూచి ఆగితిమి. మాకంటె ముందు ఒక మనుష్యుడు త్రాగి గ్లాసు పెట్టి పోయెను. ఆయన ఎవరో మాకు తెలియదు. కొట్టువాడు కాగితపు గ్లాసు తీయబోయెను. వద్దని, ఆ గాజు గ్లాసే కడిగి పోయుమంటిమి. అతడు మా వైపు ఒకసారి చూచి, వేడినీళ్ళతో తొలిచి, టీ పోసి యిచ్చెను. అందరికి ఇచ్చు టీయే. త్రాగి, గ్లాసు బల్లపై పెట్టితిమి. దానినే కడిగి మరియొకరికి పోసెను.

ఆ రాత్రి పినాంగు ముదుసలికి ఉత్తరము వ్రాసితిమి. "అయ్యా, మీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైనది. పెన్న ఒడ్డున ఒక కొట్టులో చూచితిమి. అక్కడ ఒకటే రకము గ్లాసులు ఉన్నవి. చూడని కొట్ల సంగతి మేము చెప్పజాలము" అని వ్రాసితిమి.

చూడని కొట్లు అనేకము. వాని సంగతి ఆయనకు మా రొక్కరము వ్రాయలేము. మీ ఊరి కొట్టు ముందర ఆగి, బల్లపై ఏమున్నవో, గుంజకు ఏమి వ్రేలాడుచున్నవో మీరు చూడవలెను. మా వలె పదేండ్ల పిల్లలు మీ ప్రక్కన నున్నచో, వారు అడుగకముందే మీరు చెప్పవలెను.